తుప్పు పట్టదు సరే, తాడు తెగుతుందా? తుపాన్లకు ముందు టైటానియం కత్తి జాగ్రత్తలు

సెప్టెంబరు ఆఖరి ఆదివారం మా బాల్కనీలో పాత పేపర్లు పరిచి తుపాను సామానంతా బయటికి తీస్తాం. టార్చిలైట్లు, చిన్న రేడియో, నైలాన్ తాడు, మందుల డబ్బా, వాటి మధ్య నా టైటానియం కత్తి. మన తీరానికి గండం ఎక్కువగా అక్టోబరు, నవంబరు నెలల్లోనే. సెప్టెంబరులో చూసుకుంటే లోపాలు సరిచేసుకోవడానికి వ్యవధి ఉంటుంది. గాలి మొదలయ్యాక సానరాయి ఎక్కడుందో వెతుక్కోవడం దండగ.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు నా దగ్గర ఉన్నది స్టీలు కత్తి. మర్నాడు మేడ మీద టార్పాలిన్ తాళ్లు కోద్దామని ఒరలోంచి లాగితే సగం వరకూ వచ్చి బిగుసుకుపోయింది. తోలు ఒర పీల్చుకున్న చెమ్మ, సముద్రం మీంచి వచ్చే ఉప్పు కలిసి అలుగును, అంటే కత్తి రేకును, తినేశాయి. బీచికి దగ్గర్లో ఉండేవాళ్లకు ఇది కొత్తేం కాదు. కిటికీ గ్రిల్లుకీ, సైకిలు చెయినుకీ పట్టే తుప్పే. ఆ విసుగులో టైటానియం కొన్నాను. తుప్పు గొడవ నిజంగానే వదిలింది. కానీ తుప్పు పట్టదు కదా అని ఆ తర్వాత చాలాకాలం దానివైపు చూడనే లేదు. నేను చేసిన తప్పు అదే.

ముందు మీ దగ్గరున్నది టైటానియమేనా చూసుకోండి. ఆ పేరుతో అమ్మేవాటిలో కొన్ని స్టీలు కత్తులే, పైన టైటానియం నైట్రైడ్ పూత ఉంటుంది. బంగారు రంగులో తళతళలాడుతుంటే మరీ అనుమానించాలి. ఫ్రిజ్ మీద పెట్టుకునే అయస్కాంతం తెచ్చి అలుగుకు ఆనించండి. అతుక్కుందా, అది స్టీలు. పదును పెట్టినప్పుడల్లా వాదర (కోసే అంచు) దగ్గర పూత అరిగి, అక్కణ్నుంచే తుప్పు మొదలవుతుంది. దాన్ని స్టీలు కత్తిలాగే తుడిచి, నూనె రాసి దాచాలి. అతుక్కోలేదని వెంటనే సంబరపడొద్దు, అయస్కాంతానికి లొంగని స్టెయిన్‌లెస్ స్టీలు కూడా ఉంది. పిడి ఊడదీయగలిగితే అలుగును గ్రాముల్లో తూచి, కొలగ్లాసు నీళ్లలో ముంచి, నీళ్లు ఎన్ని మిల్లీలీటర్లు పైకి లేచాయో చూడండి. మొదటి అంకెను రెండోదానితో భాగిస్తే 4.5 దరిదాపుల్లో రావాలి. స్టీలుకైతే 7.8 దగ్గర వస్తుంది.

(టైటానియం అనగానే ఎక్కడో విదేశీ సరుకనుకుంటాం గానీ, భీమిలి ఇసుకలో నల్లటి చారల్లా కనిపించే ఇల్మనైట్ దాని ఖనిజమే. నా కత్తి ఒరలో ఇరుక్కుని అలుగు నిండా గీతలు పెట్టింది కూడా ఆ ఇసుకేనని నా అనుమానం.)

ఇక పదును. విశాఖ జాలరుల పేట పెదజాలరిపేటలో వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయనకు నా కత్తి గొప్పగా చూపించాను. ఆయన పాత మోకు ముక్క మీద రెండుసార్లు లాగి చూసి తిరిగి నా చేతిలో పెట్టేశాడు. "తుప్పట్టదు సరే బాబూ, తాడు తెగాలి గదా?" అన్నాడు. తన దగ్గరున్న మచ్చలు పడ్డ ఇనప కత్తితో అదే మోకును ఒక్క లాగుకు తెంపి చూపించాడు. నాకు మాట రాలేదు.

కారణం గట్టిదనంలో ఉంది. గట్టిదనాన్ని కొలిచే రాక్‌వెల్ సీ కొలతలో అంకె పెద్దదైతే లోహం అంత గట్టిది. కత్తులకు వాడే మంచి స్టీలు అందులో 56 నుంచి 62 దాకా ఉంటుంది. మామూలుగా దొరికే గ్రేడ్ 5 టైటానియం, అంటే సుమారు 6 శాతం అల్యూమినియం, 4 శాతం వెనేడియం కలిపిన మిశ్రమం, 36 దగ్గరే ఆగిపోతుంది. కత్తుల కోసం వాడే బీటా రకం టైటానియం మిశ్రమాలు నలభైల్లోకి వెళ్తాయి, అంతే. అందుకని ఎంత బాగా సానపెట్టినా తొందరగా మొద్దుబారుతుంది. వాదర చిట్లదు, మడతపడిపోతుంది. చాలా డైవింగ్ కత్తులకు రంపపు పళ్లు పెట్టేది ఇందుకే. నున్నటి వాదర మొద్దుబారినా పళ్లు తాడును పట్టుకుని కోస్తాయి. కొనబోయేవాళ్లకు నా సలహా, పళ్లున్నదే తీసుకోండి.

సానపెట్టడానికి మామూలు రాయి కన్నా సన్నటి డైమండ్ ప్లేటు నయం. టైటానియం పొడి రాతి రంధ్రాల్లో బంకలా పట్టేసి రాయినే నున్నగా చేసేస్తుంది. ప్లేటు మీద నీళ్లు చల్లుకుని, రెండు వైపులా 20 నుంచి 25 డిగ్రీల వాలులో, బలం పెట్టకుండా లాగండి. అంచున వేలికి తగిలే సన్నటి రేకు ఒకటి మిగులుతుంది. అది స్టీలుకన్నా మొండిది, ఒకసారి ఇటు ఒకసారి అటు తేలిగ్గా లాగుతూ పోగొట్టాలి. అద్దంలా మెరిసేదాకా నునుపు చేయకండి. కాస్త గరుకుగా ఉన్న వాదరే నైలాన్ తాడును పడుతుంది. పరీక్ష కూడా కాగితం మీద కాదు, తుపానుకు మీరు దాచిన ఆ తాడు మీదే చేయండి. కొన్ని కత్తులకు వాదర ఒక వైపు టంగ్‌స్టన్ కార్బైడ్ పూత ఉంటుంది, వాటికి రెండో వైపు మాత్రమే సానపెట్టాలి. పూత ఉన్న వైపు రుద్దితే పెట్టిన డబ్బు అరగదీసుకున్నట్టే.

వీధిలోకి వచ్చే సాన చక్రం అతనికి మాత్రం ఇవ్వొద్దు. అతని పనితనంలో లోపం లేదు, లోహమే అలాంటిది. టైటానియంలో వేడి చుట్టూ పాకదు, చక్రం కింద పుట్టినదంతా వాదర దగ్గరే పోగవుతుంది. కళ్లు జిగేల్మనే తెల్లటి నిప్పురవ్వలు లేస్తాయి. కత్తి అంటుకోదు గానీ, రాలిన సన్నటి పొడి పోగుపడి ఉంటే అంటుకోగలదు. ఆ మంట మీద నీళ్లు పోస్తే ఇంకా రేగుతుంది. పొడి ఇసుకతోనే కప్పాలి.

ఉప్పు విషయానికొస్తే, టైటానియం తాను బాగానే ఉంటుంది, పక్కవాళ్లను చెడగొడుతుంది. ఉప్పునీటి తడిలో దానికి ఆనుకున్న అల్యూమినియం, మామూలు ఇనుము మరింత తొందరగా పుచ్చిపోతాయి. నా కత్తి పిడికున్న రెండు స్క్రూలలో ఒకదాని తల ఊడి చేతికొచ్చింది. అలుగు మీద మచ్చ కూడా లేదు! కాబట్టి సముద్రం దగ్గరికి తీసుకెళ్లిన ప్రతిసారీ మంచినీళ్లతో కడిగి, ఏడాదికోసారి పిడి విప్పి చూడండి. స్క్రూలు కూడా టైటానియంవే అయితే మరలకు కాస్త గ్రీజు రాయండి, లేకపోతే ఒకదానికొకటి కరుచుకుపోయి మళ్లీ ఊడవు. తోలు ఒర మన ఊరి వానల్లో బూజు పడుతుంది. అడుగున నీళ్లు కారే రంధ్రం ఉన్న ప్లాస్టిక్ ఒర మేలు, దాన్ని కూడా కుళాయి కింద పెట్టి ఇసుక పోయేలా కడగాలి. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ఉన్న తుప్పు వదిలించే మందులు దగ్గరికి రానివ్వకండి. టైటానియాన్ని కాపాడే పైపొరను అది కరిగించేస్తుంది, మీ చర్మానికైతే ఇంకా ప్రమాదం.

దీన్ని అన్నిటికీ వాడొద్దు. గాలికి రాలిన బోండాలు కొట్టడానికి బోండాల కత్తి ఉంది. కొమ్మలు నరకడానికి రంపం గానీ, కమ్మరి చేసిన బరువైన కత్తి గానీ కావాలి. టైటానియం తేలిక, దెబ్బలో ఊపు ఉండదు. తలుపు సందులో పెట్టి మీటితే స్టీలుకన్నా ఎక్కువగా వంగుతుంది, వదలగానే ఎగిరి ముఖం మీదికి రావచ్చు. నిప్పు రాజేసే ఫెర్రో రాడ్‌ను దీని వీపుతో గీకితే రవ్వలు సరిగా రావు. అలా గీకడానికి నేను ఒర పక్కన హాక్సా బ్లేడు ముక్క ఒకటి కట్టుకున్నాను.

అన్నిటికన్నా ముఖ్యం, కరెంటు. తుపాను తర్వాత మన వీధుల్లో చెట్టూ తీగా కలిసే పడి ఉంటాయి. "కరెంటు పోయింది కదా" అని తీగను కత్తితో తెంపబోవద్దు. పక్కింటి జనరేటరు నుంచి వెనక్కి వచ్చే కరెంటు ఉండొచ్చు, సరఫరా అప్పుడే తిరిగి రావచ్చు. టైటానియం స్టీలంత బాగా కరెంటును మోయదన్నది నిజమే, ప్రాణం తీయడానికి మాత్రం అది చాలు. కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేసి దూరంగా నిలబడండి.

చేయి తెగితే శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు వదలకుండా అదిమి పట్టుకోవాలి. రక్తం ఆగకపోతే 108. వరద నీరు తగిలిన గాయాన్ని సబ్బుతో కడిగి డాక్టరుకు చూపించాలి. ధనుర్వాతం టీకా వేయించుకుని అయిదేళ్లు దాటితే మురికి గాయానికి మళ్లీ వేస్తారు. ఆ తేదీ మందుల డబ్బా మూత మీద రాసి పెట్టుకోండి.

చట్టం సంగతి. 2016 ఆయుధాల నియమాల జాబితాలో 9 అంగుళాలకన్నా పొడవు లేదా 2 అంగుళాలకన్నా వెడల్పు అలుగున్న కత్తులు ఉన్నాయి, ఇంటి పనికి, వ్యవసాయానికి, పరిశ్రమలకు చేసినవి తప్ప. చిన్నదే అయినా నడుముకు కట్టుకుని ఆర్కే బీచిలో తిరిగితే పోలీసులు అడుగుతారు, అడగాలి కూడా. విమానంలో చేతి సంచిలో కుదరదు, లగేజీలో వేయాల్సిందే.

పిడి చివరి రంధ్రానికి ఈ ఏడాది నారింజ రంగు తాడు కట్టాను. పిడి నలుపు, జారి బురదనీళ్లలో పడితే కనిపించదు. అయస్కాంతం కట్టి డ్రైనేజీలోకి దించినా దీనికి అతుక్కోదు. మా తమ్ముడి కత్తి అలాగే పోయింది. అందుకని వాడేటప్పుడు ఆ తాడును మణికట్టుకు చుట్టుకుంటున్నాను, ఎత్తు మీంచి వంగి కోసేటప్పుడు మాత్రం నడుము బెల్టుకు.