ఖోండలైట్‌లో వయసులు చెదిరిపోతుంటే నాకు పనిచేసిన పద్ధతి

తూర్పు కనుమల్లో దొరికే ఖోండలైట్ అనే రూపాంతర శిలలో, జిర్కాన్ ఖనిజపు గింజల్లో యురేనియం సీసంగా మారిన లెక్కతో తీసే వయసులు ఒక గుంపుగా రాకుండా, దాదాపు 100 కోట్ల ఏళ్ల నుంచి 50 కోట్ల దాకా సాగిపోతాయి. నాకూ అదే టెన్షన్. ఇంకా ఎక్కువ గింజలు కొలవడం, అంచులు వదిలేసి మధ్యలోనే కొలవడం, కుదరని విలువలు తీసేయడం, ఏదీ తేల్చలేదు.

చివరికి దారి చూపింది మోనజైట్ అనే, ఇలాగే వయసు చెప్పే మరో ఖనిజం, అదీ రాయిని పొడి చేయకుండా. ముందు థిన్ సెక్షన్‌లోనే (గాజు పలకపై అంటించిన పలుచని రాతి ముక్క) ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌తో మోనజైట్ గింజలు వెతికి, ఏది గార్నెట్ ఖనిజం లోపల ఉందో, ఏది బయట ఉందో రాసుకున్నాను. తర్వాత ఒక్కో గింజకూ యిట్రియం మ్యాప్, అంటే ఆ మూలకం గింజలో ఎక్కడ ఎంత ఉందో చూపే బొమ్మ, తీశాను. అసలు కిటుకు ఇక్కడే ఉంది. గార్నెట్ పెరిగేటప్పుడు యిట్రియాన్ని తనలోకి లాగేసుకుంటుంది కాబట్టి అప్పుడు పుట్టిన మోనజైట్‌లో అది తక్కువ. గార్నెట్ విచ్ఛిన్నమైతే ఆ యిట్రియం బయటపడి మోనజైట్ అంచుల్లో చేరుతుంది. ఈ పొరల హద్దు దాటకుండా లేజర్ స్పాట్‌ను 10 మైక్రాన్ల దగ్గరికి తగ్గించి, ఆ తర్వాతే వయసు కొలిచాను.

గార్నెట్ లోపలివి 95 కోట్ల ఏళ్ల దగ్గర నిలిచాయి. తూర్పు అంటార్కిటికాలోని రేనర్ ప్రాంతంతో ఈ నేల కలిసిన కాలం అదే. బయటి గింజల అంచులు కొన్ని 50 కోట్ల వైపు వచ్చాయి, అంటే గోండ్వానా అనే ప్రాచీన మహాఖండం కూడిన కాలపు మళ్లీ వేడి అనుకుంటున్నాను.

గార్నెట్ లేని చార్నొకైట్ రాయిలో ఇది పనికొస్తుందని చెప్పలేను. యిట్రియం ఎక్కువగా ఉండే జెనోటైమ్ ఖనిజం ఉన్న రాళ్లలో యిట్రియం లెక్క మారిపోతుంది, అక్కడ మ్యాప్‌ను ఇలాగే చదవకండి.