తెలుగు వత్తు విరిగితే ఎవరికి చెప్పాలి? డిజైన్ సాఫ్ట్‌వేర్ బగ్ రిపోర్టులు: సమస్య - పరిష్కారం

గంగమ్మ జాతర ఫ్లెక్సులు, పెళ్లి పత్రికలు, మామిడి గుజ్జు డబ్బాల లేబుళ్లు. తిరుపతి, చిత్తూరు డీటీపీ షాపుల్లో ఏ పని పట్టుకున్నా ముందు దెబ్బ తినేది తెలుగు అక్షరమే. వత్తు విడిపోతుంది, గుడి పక్కకు జరుగుతుంది, లేదంటే సేవ్ కొట్టేలోపే ప్రోగ్రాం మూసుకుపోతుంది. విరిగిన అక్షరాన్ని కర్వ్స్ చేసి (అంటే గీతల బొమ్మగా మార్చి), ముక్కలు చేత్తో అతికించి, ఆ పూటకు గట్టెక్కుతాం. మళ్లీ ఇంకో పార్టీ (పని ఇచ్చే మనిషి) వచ్చినప్పుడు అదే తిప్పలు.

ఇలాంటి తప్పును (బగ్‌ను) ప్రోగ్రాం తయారుచేసేవాళ్లకు రాసి రిపోర్టు పెట్టేవాళ్లు తక్కువ. పెట్టినవాళ్లలో జవాబు అందుకునేది ఇంకా తక్కువ. దీనికి వివక్షను కారణంగా చెప్పడం తేలికే గానీ, చాలాసార్లు సంగతి అంతకంటే మామూలుది. ఆ ప్రోగ్రాం రాసేవాళ్లకు తెలుగు చదవడం రాదు. తప్పు అక్షరం, ఒప్పు అక్షరం వాళ్ల కంటికి ఒకటే. మన తప్పు వాళ్ల కంప్యూటర్‌లో కనబడేదాకా వాళ్లు చేయగలిగిందేమీ లేదు. కింది సమస్యలన్నీ తిరిగి తిరిగి అక్కడికే వస్తాయి.

సమస్య: వత్తు విడిపోయి పొల్లు కనబడుతోంది

"బ్రహ్మోత్సవం" అని కొడితే బ పక్కన పొల్లు, ఆ పక్కన నిండు ర వస్తాయి. పార్టీ చూసి "ఏందన్నా, వత్తు యాడికి పోయింది?" అంటాడు.

ఇక్కడ అనుమానించాల్సినవి మూడు. మనం కొట్టిన "బ్ర" ఫైలులో బ, పొల్లు, ర అని మూడు గుర్తులుగా ఉంటుంది. ఆ మూడింటినీ కలిపి ఏ రూపం వేయాలో తేల్చేది షేపింగ్ ఇంజన్. ఆ రూపాలూ వాటి నియమాలూ ఉండేది ఫాంటులో. వచ్చిన రూపాన్ని పేజీ మీద పెట్టేది డిజైన్ ప్రోగ్రాం. దోషం ఈ మూడింట్లో ఎక్కడైనా ఉండొచ్చు. ఫాంటు తప్పును ప్రోగ్రాం వాళ్లకు రాస్తే "మాది కాదు" అని మూసేస్తారు, అందులో న్యాయం ఉంది.

తేల్చుకోవడం కష్టమేమీ కాదు. అదే పదాన్ని, అదే ఫాంటుతో, ఉచితంగా దొరికే లిబ్రే ఆఫీస్‌లో పెట్టి చూడండి. అది హార్ఫ్‌బజ్ అనే షేపింగ్ ఇంజన్‌ను వాడుతుంది, తెలుగు వత్తులు దానికి బాగా తెలుసు. అక్కడా విరిగితే ఫాంటు మార్చి చూడండి, నోటో శాన్స్ తెలుగు సరిపోతుంది. ఫాంటు మార్చగానే కుదురుకుంటే దోషం మొదటి ఫాంటుది. రామభద్ర, మండలి, ఎన్టీఆర్ లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉన్నాయి కాబట్టి వాటి తప్పులు గిట్‌హబ్ అనే వెబ్‌సైటులో గూగుల్ ఫాంట్స్ పేజీలో చెప్పొచ్చు. లిబ్రే ఆఫీస్‌లో బాగుండి డిజైన్ ప్రోగ్రాంలో మాత్రమే విరిగితే అప్పుడు ప్రోగ్రాంను నిలదీయండి.

అదీ సెట్టింగ్ చూసుకున్నాకే. ఇన్‌డిజైన్‌లో పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోకపోతే తెలుగు విరుగుతుంది. ఇలస్ట్రేటర్‌లో ప్రిఫరెన్సెస్, టైప్‌కు వెళ్లి ఇండిక్ ఆప్షన్లు చూపించమని టిక్ పెట్టాలి. ఉచిత పేజీ డిజైన్ ప్రోగ్రాం స్క్రైబస్ అయితే 1.4 వెర్షన్‌తో తెలుగు కుదరదు, 1.6కు మారండి. ఇవి బగ్‌లు కావు.

పరీక్షకు ఒక్క పదం చాలదు. బ్రహ్మోత్సవం, స్త్రీ, లక్ష్మి, జ్ఞానం, కర్త, ఈ అయిదూ పెడితే రెండు హల్లుల వత్తులూ మూడు హల్లుల వత్తులూ తేలిపోతాయి.

సమస్య: పాత ఫైలు తెరిస్తే పిచ్చి గుర్తులు

ఇది రిపోర్టు చేయకండి. అను లాంటి పాత ఫాంట్లలో ఉన్నది యూనికోడ్ (ప్రతి గుర్తుకూ ఒక నంబరు ఇచ్చే ఉమ్మడి పద్ధతి) తెలుగు కాదు, ఇంగ్లీషు గుర్తుల స్థానాల్లో కూర్చోబెట్టిన తెలుగు బొమ్మలు. ఫాంటు లేకపోతే అసలు గుర్తులు బయటపడతాయి. ఆ ఫాంటు ఎక్కించండి, లేదా కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి ప్రూఫ్ జాగ్రత్తగా చదవండి. ప్రూఫ్ చదివేటప్పుడే చిరునామా కూడా చూడండి. తిరుపతి వేరే జిల్లా అయింది 2022 ఏప్రిల్ 4న. పాత మ్యాటర్‌లో ఇంకా చిత్తూరు జిల్లా అనే ఉంటుంది, దాన్ని ఏ కన్వర్టరూ సరిచేయదు.

సమస్య: నా దగ్గర తప్పు వస్తోంది, వాళ్ల దగ్గర రావడం లేదట

సాధారణ కారణం కంటికి కనబడని గుర్తు. "ఫేస్‌బుక్" అన్నప్పుడు స్, బు కలిసిపోకుండా మధ్యలో వెడల్పు లేని ఒక గుర్తు ఉంటుంది. కొన్ని కీబోర్డులు దాన్ని అడగకుండానే దూరుస్తాయి. మీ మ్యాటర్‌లో అది ఉండి, రిపోర్టు చదివేవాళ్లు ఆ పదాన్ని కొత్తగా టైపు చేసుకుంటే తప్పు మాయమవుతుంది.

ఇది ఎంత దూరం పోగలదో 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా చూసింది. ఐఫోన్లలో ఐఓఎస్ 11.2.5 నడుస్తున్నప్పుడు ఒక్క తెలుగు అక్షరం మెసేజ్‌గా వస్తే యాప్ కుప్పకూలేది. వార్తల్లో దాన్ని "జ్ఞా" అని చూపించారు. కానీ మామూలుగా టైపు చేసిన జ్ఞా వల్ల ఏమీ కాదు. జ, పొల్లు, ఞ, ఆ తర్వాత ఈ కనబడని గుర్తు, ఆపైన దీర్ఘం, సరిగ్గా ఆ వరుసలో ఉంటేనే కూలేది. ఫిబ్రవరి 19న 11.2.6 వెర్షన్‌తో దాన్ని సరిచేశారు. ఆ రోజుల్లో ఎవరైనా "తెలుగు వస్తే ఫోన్ ఆగిపోతోంది" అని మాత్రమే రాసి ఊరుకుంటే ఎవరు మాత్రం ఏం పట్టుకోగలరు?

కాబట్టి స్క్రీన్‌షాట్ ఒక్కటే పంపొద్దు. పదాన్ని అక్షరాలుగా రిపోర్టులో పేస్ట్ చేయండి. వీలైతే అక్షరాల యూనికోడ్ నంబర్లు కూడా ఇవ్వండి. లిబ్రే ఆఫీస్ రైటర్‌లో గుర్తు తర్వాత కర్సర్ పెట్టి ఆల్ట్, ఎక్స్ కలిపి నొక్కితే నంబరు కనబడుతుంది. తెలుగు రానివాళ్లకు ఆ నంబర్లే అక్షరాలు.

సమస్య: పెద్ద ఫ్లెక్స్ వేస్తుంటే ప్రోగ్రాం ఆగిపోతోంది

ముందు లెక్క వేయండి. 20 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఫ్లెక్స్‌ను 300 రిజల్యూషన్‌లో (అంగుళానికి 300 పిక్సెళ్లు) తెరిస్తే 72,000 గుణించు 36,000 పిక్సెళ్లు. ప్రింటింగ్‌కు వాడే నాలుగు రంగుల పద్ధతి సీఎంవైకేలో ఒక్క లేయరే దాదాపు 10 జీబీ. పైగా ఫొటోషాప్ పీఎస్‌డీ ఫైలు ఒక్కో వైపు 30,000 పిక్సెళ్లు దాటనివ్వదు. అదే ఫ్లెక్స్ 72 రిజల్యూషన్‌లో అయితే లేయరుకు 600 ఎంబీ లోపే. రోడ్డు అవతలి నుంచి చూసే బోర్డుకు అది చాలు.

చిన్న ఫైలుకూ ఆగిపోతుంటే సెట్టింగులు చెడిపోయి ఉండొచ్చు. కోరల్‌డ్రా తెరుచుకునేటప్పుడు ఎఫ్8 నొక్కి పట్టుకుంటే వర్క్‌స్పేస్ మొదటికి వస్తుంది. ఫొటోషాప్‌కు కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్ మూడూ పట్టుకోవాలి. మీ షార్ట్‌కట్లు పోతాయి, ముందే దాచుకోండి. ఆ తర్వాత గ్రాఫిక్స్ కార్డు వాడకం ఆపి చూడండి. ఆపగానే నిలబడితే డిస్‌ప్లే డ్రైవర్ పాతది అయి ఉంటుంది. రెండూ చేసినా ఆగితే అది రిపోర్టు చేయదగిన సంగతి, ఆ రెండూ చేశామని కూడా రాయండి.

సమస్య: రిపోర్టు పెట్టాను, మూసేశారు

మొదటి కారణం తప్పు గుమ్మం. ఉచిత డిజైన్ ప్రోగ్రాంలకు ఒక్కోదానికి ఒక్కో రిపోర్టుల వెబ్‌సైటు (ట్రాకర్) ఉంటుంది. ఇంక్‌స్కేప్‌కు గిట్‌ల్యాబ్‌లో ఇన్‌బాక్స్ అనే చోటుంది, కొత్త రిపోర్టులు అక్కడే పడాలి. గింప్ రిపోర్టులు గ్నోమ్ వాళ్ల గిట్‌ల్యాబ్‌కు, క్రిటావి కేడీఈ బగ్‌జిల్లాకు, స్క్రైబస్‌వి దాని సొంత మాంటిస్ ట్రాకర్‌కు పోతాయి. డబ్బు కట్టి వాడేవాటికి హెల్ప్ మెనూలో చూపించిన దారే దారి. లైసెన్స్ లేని పాత కాపీ వాడుతూ రిపోర్టు పెట్టడంలో అర్థం లేదు. సరిచేసినా ఆ కాపీకి అది రాదు. కొనే స్తోమత లేకపోతే ఉచితంగా దొరికేవాటికి మారడం మేలని నా అభిప్రాయం, కనీసం అక్కడ మన మాట వినే చోటుంది.

రెండో కారణం శీర్షిక. "తెలుగు సరిగా రావడం లేదు" అంటే ఏ తెలుగు, ఎక్కడ, ఎప్పుడు? అదే సంగతిని ఇలా రాయొచ్చు, నమూనాకు మాత్రమే:

శీర్షిక: అక్షరాల మధ్య ఎడం పెంచితే తెలుగు వత్తు తన అక్షరం నుంచి విడిపోతోంది
వెర్షన్, విండోస్ వెర్షన్, ఫాంటు పేరు
చేసిన పని: కొత్త ఫైలు తెరిచాను. "శ్రీ" పేస్ట్ చేశాను. ఎడం 20కి పెంచాను.
జరిగింది: ర వత్తు కుడికి జరిగింది.
జరగాల్సింది: "శ్రీ" మొత్తం ఒకే ముక్కగా ఉండి, ఎడం దాని తర్వాత రావాలి.
జత: ఆ ఒక్క పదమే ఉన్న ఫైలు. తప్పు, ఒప్పు పక్కపక్కన పెట్టిన బొమ్మ.

రాయాల్సింది ఇంగ్లీషులో. దానికి భయపడాల్సిన పని లేదు, పైన ఉన్నంత పొట్టి వాక్యాలు చాలు. కోపం మాత్రం వద్దు, చాలాచోట్ల అవతల ఉన్నది జీతం లేకుండా రాత్రిపూట కూర్చునే మనిషి. "జరగాల్సింది" అన్న వరుసను మాత్రం ఎప్పుడూ వదలకండి. తెలుగు రానివాళ్లకు ఏది ఒప్పో తెలిసేది అక్కడే. వెర్షన్ వివరాలు వెతుక్కోవడం విసుగైతే, క్రిటా హెల్ప్ మెనూలో బగ్ రిపోర్టులకు కావలసిన సిస్టమ్ సమాచారం ఒకేచోట దొరుకుతుంది, కాపీ చేసి పెట్టేయండి.

జత చేసే ఫైలు గురించి రెండు మాటలు. శివకాశికి పంపే అలవాటులో అన్నీ కర్వ్స్ చేసేస్తాం. కర్వ్స్ చేసిన ఫైలులో అక్షరమే ఉండదు, గీతలుంటాయి. బగ్ కూడా అక్కడే చచ్చిపోతుంది. కర్వ్స్ చేయని ఫైలే పంపాలి. ఇక పార్టీ పెళ్లి పత్రికను ఉన్నదున్నట్టు జత చేయకండి. ఆ పేజీలు లోకమంతా చూస్తుంది, పత్రికలో పేర్లు, ఫోన్ నంబర్లు, ఇంటి చిరునామా ఉంటాయి. తప్పు పట్టిన పదాన్ని ఒక్కదాన్నే ఖాళీ ఫైలులోకి తెచ్చుకోండి. అలా తెచ్చాక తప్పు పోయిందంటే అదీ ఒక ఆధారమే, దోషం పదంలో లేదు, పాత ఫైలులో ఉంది. అసలు ఫైలే పంపక తప్పదనుకుంటే గిట్‌ల్యాబ్‌లో కాన్ఫిడెన్షియల్ అని టిక్ పెట్టే వీలుంది.

మూడో కారణం మన మౌనం. వాళ్లు ఒక ప్రశ్న అడుగుతారు, మనం ముహూర్తాల సీజన్‌లో మెయిల్ తెరవం. కేడీఈ ట్రాకర్‌లో అదనపు సమాచారం అడిగాక 30 రోజులు జవాబు లేకపోతే రిపోర్టు తనంతట తానే మూసుకుపోతుంది. జవాబిచ్చి మళ్లీ తెరిపించుకోవచ్చు. "డూప్లికేట్" అని మూసేస్తే మాత్రం బాధపడకండి, పాత రిపోర్టుకు మీ ఫైలు చేర్చండి. "నాకూ ఇదే" అన్న ఒక్క ముక్క కన్నా ఇంకో వెర్షన్‌లో పట్టిన ఉదాహరణ ఎక్కువ పనికొస్తుంది.

సమస్య: ఫలానాది కావాలని అడిగి ఏళ్లయింది

"తెలుగు సపోర్ట్ ఇవ్వండి" అనేది కోరిక కాదు, నిట్టూర్పు. ఏ పని ఆగిపోతోందో చెప్పండి. "శీర్షికలో అక్షరాలు విడదీస్తే వత్తులు ఊడుతున్నాయి, ఒక్కో ముక్కను చేత్తో జరపాల్సి వస్తోంది" అంటే పని అర్థమవుతుంది. ఎలా చేయాలో వాళ్లకే వదిలేయండి. బటన్ ఎక్కడుండాలో మనం చెప్పడం మొదలుపెడితే చర్చ అంతా బటన్ చుట్టూనే తిరుగుతుంది.

మీ కోరికకు ఆధారం దొరికితే అది చూపండి. ఈ వత్తుల విషయంలో గట్టి ఆధారం ఉంది. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1, పొల్లుతో కలిసిన హల్లులను విడదీయకుండా ఒకే ముక్కగా లెక్కించమని నియమం చేర్చింది. అందులో తెలుగు ఉంది. "మా వాళ్లకు నచ్చలేదు" అనడం వేరు, "యూనికోడ్ నియమం ఇలా ఉంది" అనడం వేరు.

ఇంకొకటి, ఒంటరిగా అడగొద్దు. స్క్రైబస్‌లో ఇవాళ తెలుగు వత్తులు కుదురుతున్నాయంటే అది తెలుగువాళ్లు తెచ్చుకున్నది కాదు. ఒమన్‌కు చెందిన ఒక బృందం తమ అరబ్బీ కోసం షేపింగ్ పని చేసింది, అది 2017లో 1.5.3 వెర్షన్‌లో చేరింది, ఆ తలుపు నుంచే మనమూ లోపలికి వెళ్లాం. మన జిల్లాకు ఒక పక్క కోలారు, ఇంకో పక్క వేలూరు. కన్నడ వత్తులు మన వత్తుల్లాగే అక్షరం కింద వేలాడతాయి, అవే దెబ్బలు తింటాయి. పలమనేరు, కుప్పం షాపులు ఎలాగూ కన్నడ, తమిళ బోర్డులు వేస్తుంటాయి. ఒకే కోరికలో తెలుగు ఉదాహరణ పక్కన కన్నడ ఉదాహరణ పెడితే అది ఒక్క ఊరి గోలలా కనబడదు.

ఆలస్యానికీ సిద్ధపడండి. గింప్ 2.10 వచ్చింది 2018లో, తర్వాతి పెద్ద వెర్షన్ 3.0 వచ్చింది 2025 మార్చిలో.

సమస్య: సరిచేశామన్నారు, నా దగ్గర ఇంకా అదే

సరిచేసింది అభివృద్ధి వెర్షన్‌లో, అంటే ఇంకా తయారీలో ఉన్నదాంట్లో. మీ దగ్గరున్నది విడుదలైన వెర్షన్. రిపోర్టు పేజీలో మైల్‌స్టోన్ అన్నచోట ఏ వెర్షన్‌లో వస్తుందో రాసి ఉంటుంది. అంతదాకా ఆగలేకపోతే అభివృద్ధి వెర్షన్ దించుకుని, పక్క కంప్యూటర్‌లో ఎక్కించి, మీ పరీక్ష ఫైలుతో చూడండి. పార్టీ ఫైళ్లు దానితో తెరవకండి. కొత్తదాంట్లో సేవ్ చేసింది పాతదాంట్లో సరిగా తెరుచుకోకపోవచ్చు. బాగైతే బాగైందని ఆ పేజీలో ఒక వాక్యం రాయండి. వత్తు కుదిరిందో లేదో వాళ్లకు మనం చెప్తేనే తెలుస్తుంది.