పులికాట్‌లో రాజహంసల్ని లెక్కపెట్టడం ఎలా

చెన్నై సెంట్రల్ నుంచి సూళ్లూరుపేటకు లోకల్ రైలుంది. అక్కణ్ణించి శ్రీహరికోట రోడ్డు పులికాట్ సరస్సు మధ్యలోంచే పోతుంది, కాబట్టి పడవ అక్కర్లేదు. రాజహంసల్ని, అంటే ఫ్లెమింగోల్ని, చూడాలంటే డిసెంబరు, జనవరి నెలల్లో వెళ్లండి.

ముందు వెలుతురు సంగతి. ఆ రోడ్డు పడమటి నుంచి తూర్పుకు సాగుతుంది, చలికాలపు సూర్యుడేమో రోజంతా దక్షిణానికే వాలి ఉంటాడు. ఉత్తరం వైపు పిట్టలు రంగుతో సహా కనబడతాయి, దక్షిణం వైపువి నల్లటి నీడలు. జాతులు తేల్చే పని ఉత్తరాన పెట్టుకుని, దక్షిణాన సంఖ్యతో సరిపెట్టుకోండి.

8×42 బైనాక్యులర్ (ఎనిమిది రెట్లు పెద్దగా చూపేది, ముందు అద్దం 42 మి.మీ.) చాలు. పెద్ద రాజహంసను, చిన్న రాజహంసను విడదీయాలంటే మాత్రం స్పాటింగ్ స్కోపు, అంటే స్టాండు మీద పెట్టి చూసే చిన్న టెలిస్కోపు, ఉండాలి. పెద్దదాని ముక్కు గులాబీ రంగు, కొస నలుపు. చిన్నదాని ముక్కు మొత్తం ముదురెరుపు. కొత్తవాళ్లు ఎర్రకాళ్ల కొంగ వెనక ఉండే గులాబీ ఈకల్ని చూసి దాన్నీ రాజహంసల్లో కలిపేస్తుంటారు. పసుపుపచ్చ ముక్కు చూస్తే తేలిపోతుంది.

లెక్క ఇలా: గుంపు ఒక చివర పది పిట్టల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టి, అవి ఎంత వెడల్పున ఉన్నాయో కంటికి పట్టించండి. అలాంటివి పది పక్కపక్కన పేరిస్తే వంద. ఆ వందతో రెండో చివరి దాకా కొలుచుకుంటూ పోండి. మధ్యలో ఒత్తుగా ఉన్నచోట అదే వెడల్పులో ఎక్కువ పిట్టలు ఇరుక్కుంటాయి, మొత్తం తగ్గిపోయేది అక్కడే. అక్కడ పదుల నుంచి మళ్లీ మొదలెట్టాలి. బూడిదరంగు పిల్లల్ని వదిలేయకండి. ఇద్దరు విడివిడిగా లెక్కపెట్టి, అంకెలు రాసుకున్నాకే పోల్చుకోండి. ముందే చెప్పుకుంటే రెండోవాడి అంకె మొదటివాడి వైపే జారుతుంది. ఎగిరిన గుంపుకు టైము, దిక్కు రాయకపోతే రెండు కిలోమీటర్ల అవతల అదే గుంపును మళ్లీ లెక్కేస్తారు.

పక్షుల కాళ్లే నీటి కొలబద్ద. కాలి మధ్యనున్న మడత నీటిపైన కనబడుతోందా, మునిగిందా అన్నది ప్రతి గుంపుకీ రాయండి. సముద్ర ముఖద్వారాలు ఇసుకతో పూడితే ఉప్పునీటి రాకపోకలు ఆగి, వానలు తగ్గాక లోతు పడిపోతుంది, చేపలూ లోపలికి రావు. మీరు నిలబడ్డ రోడ్డుకట్ట కూడా ఇందులో భాగస్వామే: తూములున్న చోట తప్ప ఉత్తరపు నీటినీ దక్షిణపు నీటినీ విడగొట్టేసింది. తూములు పూడి ఉంటే ఫొటో తీయండి. రొయ్యల గుంటల నీరు ఎక్కడ కలుస్తోంది, కుక్కలెన్ని, తెగిన నైలాన్ వల ఎక్కడుంది, పక్షులకున్న ఇలాంటి ప్రమాదాల జాబితా కూడా చోటు, టైముతో సహా రాయాలి. ఊరికే "కాలుష్యం ఉంది" అని రాస్తే ఎవరికీ పనికిరాదు.

మేస్తున్న పిట్టలు తలలెత్తి, అన్నీ ఒకే వైపు నడక మొదలెట్టాయంటే మీరు మరీ దగ్గరికొచ్చారన్నమాట. వెనక్కి తగ్గండి. ఎగిరే ఫొటో కోసం చప్పట్లు కొట్టేవాళ్లను, డ్రోన్ లేపేవాళ్లను కూడా ప్రమాదాల జాబితాలోనే వేయండి.