పిల్లల్ని సాకే రోబోలను సిమ్యులేషన్‌లో పుట్టించడం ఎలా

రోబోకి 'పిల్లని చూసుకో' అని కోడ్‌లో రాసేయడం పెద్ద పనేం కాదు. ఆ ముక్క ఎక్కడా రాయకుండా, తరాలు గడిచేకొద్దీ ఆ బుద్ధి దానంతటదే పుట్టాలంటే మాత్రం కాస్త ఓపిక కావాలి. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష వస్తే చాలు, మామూలు ల్యాప్‌టాప్ మీదే చేసుకోవచ్చు.

ముందు కంప్యూటర్‌లోనే 50 బై 50 గళ్ల మైదానం, అక్కడక్కడా ఛార్జింగ్ పాయింట్లు. తల్లికి బ్యాటరీ 100, అడుగుకి 1 తగ్గుతుంది. పిల్ల కొంతకాలం సొంతంగా ఛార్జ్ చేసుకోలేదు, తల్లి తన బ్యాటరీలోంచి పోస్తేనే బతుకుతుంది. మెదడంటే చిన్న న్యూరల్ నెట్‌వర్క్, అంటే చూసినదాన్ని బట్టి ఏం చేయాలో లెక్కకట్టే ప్రోగ్రామ్, ఆ లెక్కలో వాడే అంకెలు, అంటే వెయిట్లే జన్యువులు, కొద్ది మార్పులతో అవి పిల్లకి వెళ్తాయి.

ఏ తల్లి వెయిట్లు తర్వాతి తరానికి వెళ్లాలో తేల్చే స్కోరు దగ్గర జాగ్రత్త. నేను మొదట పిల్ల పక్కన ఎంతసేపుంటే అంత స్కోరు అని పెట్టాను. కొన్ని తరాలకే తల్లులన్నీ పిల్లల్ని అంటుకుని కదలకుండా నిలబడిపోయాయి, రెండు గళ్ల అవతలే ఛార్జింగ్ పాయింట్ ఉన్నా అటు వెళ్లవు, బ్యాటరీ 3, 2, 1, సున్నా, కాసేపటికి పిల్లదీ సున్నా. ప్రాణం ఉసూరుమంది. కాబట్టి ప్రేమకి మార్కులు వేయకండి. పెరిగి మళ్లీ పిల్లని కన్నవాటి వెయిట్లే ముందుకెళ్లాలి, అంతే.

తర్వాత చుట్టరికం. సాయం అందుకున్నవాళ్ల లాభాన్ని చుట్టరికంతో, అంటే ఇద్దరి జన్యువులు ఎంత దగ్గరో చెప్పే అంకెతో గుణిస్తే, చేసినవాళ్ల నష్టం కన్నా ఎక్కువ రావాలి, అప్పుడే ఆ గుణం నిలుస్తుందని జీవశాస్త్రవేత్త హామిల్టన్ 1964లోనే లెక్క కట్టాడు. స్విట్జర్లాండ్‌లో వైబెల్, ఫ్లోరియానో, కెల్లర్ అనే పరిశోధకులు రోబోలను సిమ్యులేషన్‌లో 500 తరాలు నడిపి 2011లో ఫలితం ప్రచురించారు, ఆహారం పంచుకునే గుణం ఆ లెక్క చెప్పినట్టే వచ్చింది. మీరూ పిల్లల్ని కలగాపులగం చేసి, ఎవరి పిల్ల ఎవరో తెలియకుండా ఒకసారి నడిపి, తల్లులు ఛార్జ్ పోయడం ఎంత పడిపోతుందో పక్కపక్కన గ్రాఫ్ గీసి చూడండి.

అడగందే అమ్మైనా పెట్టదంటారు కదా, పిల్లకి ఒక లైటు కూడా ఇవ్వండి. ఎప్పుడు వెలిగించాలో దాని నెట్‌వర్కే తేల్చుకుంటుంది. కానీ వెలిగించినప్పుడల్లా కొంత బ్యాటరీ ఖర్చవ్వాలి, లేకపోతే కడుపు నిండినవి కూడా వెలిగిస్తూనే ఉంటాయి, తల్లులు దాన్ని పట్టించుకోవడం మానేస్తాయి.

వేరే వేరే సీడ్‌లతో, అంటే యాదృచ్ఛిక మార్పులు మొదలయ్యే అంకెను మార్చి, కనీసం 10 సార్లు నడపండి, ఒక్కసారి వచ్చిందని నమ్మొద్దు. మధ్యమధ్యలో ఒక తల్లిని ఎంచుకుని అడుగడుగూ ప్రింట్ చేయండి. నా స్క్రీన్ మీద ఒకరాత్రి పిల్ల లైటు వెలిగింది, ఛార్జింగ్ దగ్గరున్న తల్లి 60 దగ్గరే ఆపేసి వెనక్కి తిరిగింది.