ప్రైవేటు ఆసుపత్రి సిబ్బంది యూనియన్ రిజిస్ట్రేషన్: దరఖాస్తు ఎలా చేయాలి?

స్టాఫ్ నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్లు, ఓటీ అసిస్టెంట్లు, ఫార్మసిస్టులు, వార్డ్ బాయ్‌లు, ఆయాలు... ప్రైవేటు ఆసుపత్రిలో పనిచేసేవాళ్లు కలిసి యూనియన్ పెట్టుకోవాలంటే యాజమాన్యం అనుమతి అక్కర్లేదు. ఇది తెలియక చాలామంది మొదటే హెచ్‌ఆర్ గదికి వెళ్లి అడుగుతారు. ప్రయత్నం అక్కడే ఆగిపోతుంది. సంఘం పెట్టుకునే హక్కును రాజ్యాంగంలోని 19(1)(సి) అధికరణం ఇచ్చింది. రిజిస్టర్ చేసేది రాష్ట్ర కార్మిక శాఖలోని ట్రేడ్ యూనియన్ల రిజిస్ట్రార్.

ఇన్నాళ్లూ ఈ పని 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టం కింద జరిగేది. 2025 నవంబర్ 21 నుంచి దాని స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్, 2020 అమల్లోకి వచ్చింది. కాబట్టి పాత యూనియన్ల వాళ్లు ఇచ్చిన నమూనా ఫారాన్ని ఉన్నదున్నట్టు నింపేయకండి. ముందు లేబర్ ఆఫీసుకు వెళ్లి, ఇప్పుడు ఏ ఫారం తీసుకుంటున్నారో, చలానా ఎంత కట్టాలో, ఏ అధికారి పేరున కట్టాలో అడిగి రాసుకోండి. ఒక పూట పోయినా తర్వాత నెలల తరబడి తిరగడం తప్పుతుంది.

ఎవరు చేరవచ్చు?

ఆసుపత్రి కూడా పరిశ్రమ కిందికే వస్తుందని 1978లో బెంగళూరు వాటర్ సప్లై కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కొత్త కోడ్ ఆ నిర్వచనాన్ని కొంత కుదించింది. పూర్తిగా గానీ చాలావరకు గానీ దాతృత్వ సేవలో ఉన్న సంస్థలు నడిపే ఆసుపత్రులను అందులోంచి తప్పించింది. మీది ట్రస్టు ఆసుపత్రి అయితే, అది పరిశ్రమ కాదన్న అభ్యంతరం తప్పకుండా వస్తుంది. దరఖాస్తుకు ముందే కార్మిక చట్టాలు తెలిసిన లాయర్‌కు చూపించండి. ఇక ప్రభుత్వ ఆసుపత్రుల్లోని రెగ్యులర్ ఉద్యోగుల సంఘాలకు గుర్తింపు నిబంధనలు వేరు. వారికి ఈ విధానం వర్తించదు.

వార్డు ఇన్‌ఛార్జ్‌లను చేర్చుకోవచ్చా అన్నది ప్రతిచోటా వచ్చే ప్రశ్న. ప్రధానంగా పర్యవేక్షణ పనే చేస్తూ నెలకు 18,000 రూపాయలకు పైగా జీతం తీసుకునేవాళ్లు కోడ్ ప్రకారం కార్మికుల లెక్కలోకి రారు. అయితే హోదా పేరును బట్టి కాకుండా, రోజూ చేసే అసలు పనిని బట్టి తేల్చాలని కోర్టులు చెబుతూ వచ్చాయి. పేరుకు ఇన్‌ఛార్జ్ అయినా డ్యూటీలో ఎక్కువ భాగం ఇంజక్షన్లు, డ్రెస్సింగ్‌లు, కేస్ షీట్లతోనే గడిచిపోయే నర్సు విషయంలో వాదనకు బలముంది. అయినా మొదటి దరఖాస్తులో అలాంటి పేర్లు పెట్టకపోవడమే మేలు. వాళ్ల మీద అభ్యంతరం పెట్టి మొత్తం ఫైలునే ఆపించే అవకాశం యాజమాన్యానికి ఎందుకివ్వాలి?

హౌస్ కీపింగ్, సెక్యూరిటీ, పేషెంట్ కేర్ వాళ్లు సాధారణంగా ఏజెన్సీ రోల్స్‌లో ఉంటారు. యూనియన్‌ను ఒక్క ఆసుపత్రికే కట్టేయకుండా, జిల్లాలోని ప్రైవేటు ఆసుపత్రుల సిబ్బంది అందరికీ వర్తించేలా పెట్టుకుంటే వాళ్లకూ సభ్యత్వం ఇవ్వవచ్చు. నా మట్టుకు ఇదే సరైన దారి. నర్సులు ఒకవైపు, ఆయాలు ఒకవైపు అయితే నైట్ డ్యూటీలో ఇద్దరి భారమూ అలాగే ఉంటుంది.

ఎన్ని సంతకాలు?

దరఖాస్తు మీద కనీసం ఏడుగురు సభ్యులు సంతకం చేయాలి. దరఖాస్తు ఇచ్చే రోజుకు ఆ సంస్థ లేదా పరిశ్రమ కార్మికుల్లో 10 శాతం మంది లేదా 100 మంది, వీటిలో ఏది తక్కువైతే అంతమంది సభ్యులుగా ఉండాలి. 600 మంది ఉన్నచోట 60 మంది, 1,500 మంది ఉన్నచోట 100 మంది చాలు. 40 మంది పనిచేసే నర్సింగ్ హోమ్‌లో 10 శాతం అంటే నలుగురే అయినా ఏడుగురికి తగ్గకూడదు.

ఏడు సంతకాలతో సరిపెట్టుకోకండి. దరఖాస్తు ఇచ్చాక సంతకందారుల్లో సగానికి మించి వెనక్కి తగ్గితే అది చెల్లకుండా పోతుంది. ఏడుగురే ఉంటే, నలుగురిని పిలిచి భయపెడితే పని అయిపోతుంది. పదిహేను ఇరవై మంది సంతకం చేస్తే అది అంత తేలిక కాదు.

సభ్యత్వ ఫారాలు వార్డులో, డ్యూటీ వేళలో పంచవద్దు. క్రమశిక్షణ చర్యకు అదొక్కటే సాకవుతుంది. హాస్టల్లోనో, ఎవరింట్లోనో కూర్చుని రాయించుకోండి. ప్రతి ఫారం మీద పూర్తి పేరు, తండ్రి లేదా భర్త పేరు, హోదా, విభాగం, ఉద్యోగి నంబరు, ఇంటి చిరునామా, తేదీ, సంతకం ఉండాలి. చందాకు రసీదు ఇచ్చి కౌంటర్ ఫాయిల్ దాచండి. సభ్యత్వం నిజమైనదేనా అని అధికారి అడిగినప్పుడు చూపించేది వీటినే. ఇంకో మాట, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆసుపత్రి దగ్గర ఉండిపోయిన నర్సులు ముందు వాటిని వెనక్కి తీసుకోండి.

సమావేశం, నియమావళి

మొదటి జనరల్ బాడీ సమావేశంలో నాలుగు తీర్మానాలు చేయాలి: యూనియన్ పెట్టుకోవడం, నియమావళిని ఆమోదించడం, కార్యవర్గాన్ని ఎన్నుకోవడం, రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు చేసే అధికారం సంతకందారులకు ఇవ్వడం. మినిట్స్ పుస్తకంలో రాసి హాజరైన అందరిచేతా సంతకం చేయించండి. ఆ తీర్మానాల నకలును దరఖాస్తుతో జతచేయాలి.

నియమావళిలో యూనియన్ పేరు, ఆశయాలు, సభ్యత్వ అర్హత, చందా, నిధుల వినియోగం, సభ్యుల జాబితా నిర్వహణ, కార్యవర్గ ఎన్నిక, తొలగింపు, ఏటా ఆడిట్, నియమాల సవరణ, యూనియన్ రద్దు పద్ధతి అన్నీ ఉండాలి. వేరే యూనియన్ నియమావళిని ఎత్తి రాసుకునేవాళ్లు ఎన్నికల గడువు, కోశాధికారి చేతిలో ఎంత నగదు ఉండవచ్చు, చెక్కుపై ఎవరెవరి సంతకాలుండాలి అన్న మూడింటి దగ్గర ఆగి మీకు సరిపోయేలా మార్చుకోండి. తర్వాత వచ్చే గొడవలు ఎక్కువగా ఇక్కడే పుడతాయి.

కార్యవర్గంలో బయటివాళ్లు మూడో వంతుకు గానీ ఐదుగురికి గానీ మించకూడదు; ఏది తక్కువైతే అదే పరిమితి. రిటైరైనవాళ్లను బయటివాళ్లుగా లెక్కించరు. అనుభవమున్న సీనియర్ సిస్టర్లు ఇక్కడ ఎంతో అక్కరకొస్తారు.

దరఖాస్తు సమర్పణ

ఫారం, అఫిడవిట్, నియమావళి, తీర్మానం, సంతకందారుల వివరాలు, ఆఫీస్ బేరర్ల పేర్లు, వయసు, వృత్తి, చిరునామాలు, యూనియన్ ఆఫీసు చిరునామా, చలానా రసీదు... అన్నీ రెండు సెట్లు చేసుకోండి. ఇన్‌వార్డ్ నంబరు (దరఖాస్తు అందినట్టు ఆఫీసువాళ్లు వేసే నంబరు), తేదీ వేయించుకున్న ప్రతిని దగ్గర పెట్టుకోండి. ఆ నంబరు లేకపోతే దరఖాస్తు ఇచ్చినట్టు రుజువు లేదు.

పేరు ఇప్పటికే ఉన్న యూనియన్ పేరును పోలి ఉంటే మార్చమంటారు. అందుకే మరో రెండు పేర్లు ముందే అనుకోండి. అదనపు వివరాలు అడిగితే రాతపూర్వకంగానే జవాబివ్వండి. తిరస్కరిస్తే పారిశ్రామిక ట్రిబ్యునల్‌కు అప్పీలు చేసుకోవచ్చు.

సర్టిఫికెట్ వచ్చాక

యూనియన్‌కు చట్టపరమైన ఉనికి వస్తుంది. తన పేరునే కేసు వేయవచ్చు, ఆస్తి కలిగి ఉండవచ్చు. పాన్, బ్యాంకు ఖాతా తీసుకోండి. డిసెంబర్ 31తో ముగిసే సంవత్సరానికి ఆడిట్ చేసిన లెక్కలు ఏటా రిజిస్ట్రార్‌కు పంపాలి. కష్టపడి తెచ్చుకున్న రిజిస్ట్రేషన్ ఈ లెక్కలు పంపకపోవడం వల్ల పోగొట్టుకోవద్దు.

రిజిస్ట్రేషన్ వేరు, యాజమాన్యంతో చర్చలకు కూర్చునే గుర్తింపు వేరు. ఒకటికి మించి యూనియన్లున్న ఆసుపత్రిలో మస్టర్ రోల్‌లోని (హాజరు పట్టీలోని) కార్మికుల్లో 51 శాతం మద్దతున్న యూనియనే ఏకైక చర్చల యూనియన్ అవుతుంది. ఎవరికీ అంత మద్దతు లేకపోతే 20 శాతం, ఆపైన ఉన్నవాళ్లతో చర్చల మండలి ఏర్పడుతుంది. అందుకే సర్టిఫికెట్ చేతికొచ్చాక కూడా సభ్యత్వం చేర్పించడం ఆపకూడదు.

యూనియన్‌లో చేరితే ఉద్యోగం తీసేస్తామని బెదిరించడం కోడ్ ప్రకారం అన్యాయమైన కార్మిక పద్ధతి. దానికి 10,000 నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా ఉంది. బెదిరింపు జరిగిన తేదీ, సమయం, అన్న మాటలు అదే రోజు రాసిపెట్టుకోండి.

జీతాల డిమాండ్ రాసేటప్పుడు కొలమానం కోసం వెతుక్కోనక్కర్లేదు. 2016లో సుప్రీంకోర్టు ఆదేశంపై కేంద్రం వేసిన నిపుణుల కమిటీ, 200 పడకలు దాటిన ప్రైవేటు ఆసుపత్రిలో నర్సులకు రాష్ట్ర ప్రభుత్వ నర్సులతో సమానంగా, 50 పడకల్లోపు ఆసుపత్రిలోనూ నెలకు 20,000 రూపాయలకు తగ్గకుండా ఇవ్వాలని సిఫారసు చేసింది. మీ ఆసుపత్రి పడకల సంఖ్య, మీ జీతం స్లిప్పు పక్కపక్కన పెట్టి డిమాండ్ల పత్రంలో మొదటి పేరా రాయండి.