మన తర్వాత పిల్లగాన్ని ఎవరు చూస్తరు? ఇప్పటి నుంచే ఎట్ల ప్లాన్ చేస్కోవాలె

మా పెద్దోడికి 20 ఏండ్లు, బుద్ధి ఎదుగుదల తక్కువ, మాటలు ఓ పది వస్తయి. మాది దేవరకొండ దిక్కు. పోయినేడు నాకు డెంగీ వచ్చి నల్గొండల ఐదు రోజులు అడ్మిట్ అయితే మా చెల్లె వచ్చి వాడిని చూస్కుంది, పానం పెట్టి చూసింది గానీ వాడు రెండు రోజులు అన్నం ముట్టలే. పప్పు అన్నంల కలిపితే వాడు తినడు, పక్కన పొయ్యాలె, అంతే. ఆ సంగతి ఆమెకు తెల్వదు, వాడు చెప్పలేడు. అందుకే ఫస్ట్ ఒక నోట్‌బుక్ తోనే మొదలుపెట్టమంట, పైసల ముచ్చట తర్వాత.

అందుల అన్నీ రాయండి. ఏ గోలీ ఎన్ని గంటలకు, ఎట్ల మింగుతడు, ఫిట్స్ వస్తే ఏం చెయ్యాలె, దేనికి భయపడ్తడు, ఎట్ల ఊకుంటడు, బాత్రూంకు పోవాలంటే ఏ సైగ చేస్తడు. మావోడు చెవి పట్టుకుంటడు, అది కూడా రాసిన.

తర్వాత కాగితాలు. సదరం సర్టిఫికెట్ (వైకల్యం ఎంత శాతమో డాక్టర్లు చూసి ఇచ్చే సర్కారు కాగితం), యూడీఐడీ కార్డు (వైకల్యం ఉన్నోళ్లకు ఇచ్చే గుర్తింపు కార్డు) లేకుంటే ముందు అవి చేయించండి, వైకల్యం 40 శాతం పైన ఉంటే పింఛన్ 4016 వస్తది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం ఉన్న పిల్లలకు నేషనల్ ట్రస్ట్ (ఇట్లాంటి పిల్లల కోసం కేంద్ర సర్కారు పెట్టిన సంస్థ) వాళ్ల నిరామయ ఆరోగ్య బీమా ఉంది, ఏడాదికి లక్ష దాకా, థెరపీ ఖర్చులు గూడ వస్తయి, రెన్యువల్ మాత్రం మర్వొద్దు.

ఇగ చానా మందికి తెల్వని ముచ్చట. 18 నిండినంక చట్టం లెక్కల అమ్మానాయినలం గూడ గార్డియన్లం కాము! మావోడి అకౌంట్ల పైసలు తీద్దామని పోతే బ్యాంకోళ్లు గార్డియన్ కాగితం తెమ్మన్నరు, నవమాసాలు మోసి కన్న తల్లిని నేను, ఆడనే ఏడ్చిన. ఈ నాలుగు రకాల పిల్లలకు 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లాల లోకల్ లెవెల్ కమిటీ ఉంటది, కలెక్టరే దానికి పెద్ద, నల్గొండయినా పాలమూరయినా గార్డియన్ కాగితం కోసం అక్కడ దరఖాస్తు పెట్టుకోవాలె. 18 నిండంగనే పెట్టుకోండి.

భూమి విషయంల తొందరపడొద్దు. మొత్తం పిల్లగాని పేరు మీద పెడితే సంతకం పెట్టలేడు, మొత్తం తమ్ముని పేరు మీద పెట్టి "వాడే చూస్తడులే" అంటే రేపు వాడి సంసారం వాడికి ఉంటది. నాకైతే వీలునామా రాస్కునుడు, ఎంతో కొంత ఆస్తి ఉంటే వకీలును అడిగి ట్రస్ట్ (ఆస్తిని పిల్లగాని కోసమే నమ్మకమైనోళ్లు చూస్కునే ఏర్పాటు) పెట్టుడు మంచిగనిపిస్తది. వీలునామాకు స్టాంపు పేపర్ అక్కర్లే, తెల్ల కాగితం చాలు, ఇద్దరు సాక్షులు సంతకం పెట్టాలె, రిజిస్ట్రేషన్ చేయిస్తే ఇంకా గట్టిగుంటది. సర్కారు నౌకరి ఉన్నోళ్లు ఫ్యామిలీ పెన్షన్ కోసం పిల్లల పేరు ఆఫీసు రికార్డుల ఇప్పుడే ఎక్కించండి.

ఎవరు చూడాలె అన్నది మాత్రం మనసుల అనుకొని ఊకోవద్దు, ఆ మనిషినే కూసోబెట్టి అడగండి. నేను చిన్నోణ్ణి అడిగితే, "దగ్గరుంచుకునుడు కాకపోవచ్చమ్మా, కానీ ఇడ్వను" అన్నడు. ఆ మాట తోని చెల్లె పేరు గూడ కలిపినం. ఒప్పుకున్నోళ్ల కాడ మనం ఉండంగనే ఒక రాత్రి పిల్లగాన్ని ఉంచి చూడండి. మావోడు ఇప్పుడు నెలకోసారి చెల్లె ఇంట్ల పండుకుంటడు. మొన్న కరెంటు పోతే బాగ ఒర్రిండట, మెత్త పక్కన టార్చి ఉండాలని ఆమెనే నోట్‌బుక్‌ల రాసింది.