ఇంటి ఫైటర్ చేపలు, 7వ పాఠం: షో బల్ల మీదికి

ఆరో పాఠం చివర మగ ఫైటర్ చేపపిల్లలన్నీ తొట్టి వదిలి ఎవరి సీసాలోకి అవి చేరాయి. ఇప్పుడు వాటిని బెజవాడలోనో గుంటూరులోనో జరిగే పెట్ షోలో బల్ల మీద పెట్టి అమ్మడం నేర్చుకుందాం. షో ఒక్కరోజే అయినా దాని పని మూడు వారాల ముందే మొదలవుతుంది. ఆ మూడు వారాలూ ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేస్తే మీ చేప కొన్నవాళ్ళింట్లో నెల తర్వాత హాయిగా ఉన్న మగ చేపలా నీటి పైన నురగ గూడు కడుతూ ఉంటుంది. చేయకపోతే నాలుగో రోజుకే అడుగున పడుకుంటుంది.

కార్తీకం నుంచి మాఘం దాకా వచ్చే షోలు మనకు అనువైనవి. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, ఆ ఎండల్లో షో పెడితే వెళ్ళకండి. షామియానా కింద సీసాలో నీళ్ళు మధ్యాహ్నానికి 35 డిగ్రీలు దాటిపోతాయి. ఫైటర్‌కి హాయిగా ఉండేది 26 నుంచి 28. వేడెక్కిన చిన్న సీసాను చల్లబరచడం ఎవరి వల్లా కాదు.

21 రోజుల ముందు: ఏరివేత

తొట్టి మీద రాసుకున్న పొదిగిన తేదీ చూడండి. 14 వారాలు నిండినవే జాబితాలోకి వస్తాయి. తర్వాత ఒక్కో సీసానూ కంటి ఎత్తులో పెట్టి ముందు నుంచి, పక్క నుంచి, పై నుంచి మూడు సార్లు చూడండి. చాలామంది పై నుంచి చూడడం మర్చిపోతారు. వెన్ను వంకర అక్కడే బయటపడుతుంది. తల నుంచి తోక దాకా గీత గీసినట్టు ఉండాలి. పామును తలపించేలా ఏ కొంచెం మెలిక ఉన్నా అది అమ్మే చేప కాదు. ఒక మొప్ప మూత మూసుకోకుండా బయటికి తెరుచుకుని ఉన్నదాన్నీ పక్కన పెట్టండి.

తర్వాత గది చీకటి చేసి ఫోన్ టార్చి ఏటవాలుగా వేయండి. ఒంటి మీద పసుపు రంగు పొడి చల్లినట్టు సన్నగా మెరిస్తే అది వెల్వెట్ జబ్బు. పగటి వెలుగులో అది కనబడదు. అందుకే అనుభవం ఉన్నవాళ్ళు కూడా ఒక్క చేపతో మొత్తం బల్లకు అంటించుకుంటారు. ఒక్కదానికి కనబడినా ఆ తొట్టి బ్యాచ్ మొత్తం ఈ షోకి వెళ్ళదు. మందు పెట్టి నయం చేసిన చేప కూడా ఈసారికి ఆగాల్సిందే.

హాఫ్‌మూన్, అంటే తోక అర్ధచంద్రంలా విప్పుకునే రకంలో చిరిగిన తోక కనిపించగానే కంగారు పడొద్దు. తన తోక తానే కొరుక్కున్న చేపకి రెక్క అంచు అప్పడాన్ని పంటితో కొరికినట్టు గుండ్రంగా, శుభ్రంగా తెగి ఉంటుంది. ఒక రాత్రిలోనే జరిగిపోతుంది. రెక్క కుళ్ళు అయితే అంచు నల్లగానో ఎర్రగానో మారి, పీలికలై, రోజురోజుకీ లోపలికి తింటూ పోతుంది. కొరుక్కునే అలవాటు ఉన్నదాన్ని రెక్క మళ్ళీ పెరిగాక అమ్మొచ్చు, ఆ అలవాటు ఉందని చెప్పి మరీ అమ్మాలి.

ప్లాకట్, అంటే పొట్టి రెక్కల రకంతో వేరే చిక్కు ఉంది. మూడు నెలల మగ ప్లాకట్ అచ్చం ఆడదానిలాగే కనబడుతుంది. ఆడదని అమ్మితే కొన్నవాళ్ళు ఇంకో మగదానితో జత వేస్తారు, తెల్లారేసరికి రెండూ చిరిగి ఉంటాయి. దీనికీ టార్చే సాధనం. సీసా వెనక వెలుగు పెట్టి పొట్ట చూడండి. ఆడదైతే పేగుల సంచి వెనక నుంచి తోక వైపు సన్నబడుతూ పోయే పసుపుపచ్చ ముక్కోణం కనబడుతుంది. అది అండాశయం. మగదానికి ఆ చోట వెలుగు ఖాళీగా దాటిపోతుంది. పొట్ట కింద తెల్ల చుక్క ఉంది కదా అని ఆడదని తేల్చేయకండి, లేత మగవాటికీ ఆ చుక్క కొన్నిసార్లు ఉంటుంది. ఒళ్ళు నల్లగా ఉండి వెలుగు దాటని చేపలైతే ఇంకో నెల ఆగండి.

చివరి పది రోజులు: నీళ్ళు, అలవాటు

ఏరిన చేపల సీసాల మధ్య అట్ట ముక్కలు నిలబెట్టండి. పక్కదాన్ని రోజంతా చూస్తూ రెక్కలు విప్పి బెదిరించే చేప అలిసిపోతుంది, తిండి ఒంటబట్టదు. కానీ అసలు ఎవరినీ చూడని చేప షోలో జనాన్ని చూసి ముడుచుకుపోతుంది. అందుకని పొద్దున ఐదు నిమిషాలు, సాయంత్రం ఐదు నిమిషాలు అట్ట తీసి, మళ్ళీ పెట్టేయండి. పదో రోజుకి అట్ట కదిపితే చాలు, తోక విప్పుతుంది.

ఇక నీళ్ళు. ఈ పాఠంలో ఒక్క విషయమే గుర్తుంచుకోగలిగితే ఇది గుర్తుంచుకోండి. బెజవాడ కార్పొరేషన్ కుళాయిలో వచ్చేది కృష్ణ నీళ్ళు. బోరు నీళ్ళు వీధి వీధికీ మారతాయి. మీ బోరు టీడీఎస్, అంటే నీళ్ళలో కరిగిన లవణాల కొలత, 600 ఉందనుకోండి, చేప ఆ నీళ్ళలోనే పుట్టి పెరిగింది. కొన్నాయన మంచి నీళ్ళు పోయాలన్న ప్రేమతో ఇంటికి తెప్పించుకునే ఆర్వో క్యాన్ నీళ్ళు పోస్తాడు. దాని టీడీఎస్ 50. చేప ఒంట్లో లవణాలు బయటి నీళ్ళకన్నా ఎక్కువ, కాబట్టి నీళ్ళు మొప్పల్లోంచి ఎప్పుడూ లోపలికి ఊరుతూనే ఉంటాయి, చేప వాటిని మూత్రంగా తోడిపోస్తూ ఉంటుంది. బయట లవణాలు ఉన్నట్టుండి పన్నెండో వంతుకు పడిపోతే ఆ తోడిపోత చాలదు. చేప వెంటనే చావదు. రెండు మూడు రోజులు నీరసంగా పడి ఉండి పోతుంది. ఆయనేమో జబ్బు చేప అంటగట్టారని అనుకుంటాడు. తప్పు ఇద్దరిదీ కాదు, ముందే అడగని ఆ ఒక్క ప్రశ్నది.

అందుకే పెన్ను అంత ఉండే టీడీఎస్ మీటరు కొనుక్కోండి. చివరి పది రోజుల్లో నీళ్ళు మార్చినప్పుడల్లా బోరు నీళ్ళలో ఆర్వో నీళ్ళు కొంచెం కొంచెం కలుపుతూ, రోజుకి 50కి మించి తగ్గించకుండా, 200, 300 మధ్యకు తీసుకురండి. ఎక్కువ ఇళ్ళ నీళ్ళకు అక్కడి నుంచి సర్దుకోవడం సులువు. కుళాయి నీళ్ళైతే వెడల్పు బకెట్‌లో 24 గంటలు మూత లేకుండా ఉంచాలి, లేదా యాంటీ క్లోరిన్ చుక్కలు వేయాలి.

ఎండి రాలిన బాదం ఆకు 20 లీటర్లకు ఒకటి చొప్పున నానబెడితే నీళ్ళు పలచటి డికాక్షన్ రంగులోకి వస్తాయి. పీహెచ్, అంటే నీళ్ళ పులుపును చెప్పే కొలత, కాస్త దిగుతుంది, చేప స్థిమితంగా ఉంటుంది. రోడ్డు పక్క చెట్టు ఆకులు, పురుగుమందు కొట్టిన తోట దగ్గరి ఆకులు వద్దు. షో సీసాల్లో పోసే నీళ్ళకైతే 20 లీటర్లకు సగం ఆకే చాలు, నీళ్ళు మరీ ముదిరితే కొనేవాళ్ళకు చేప రంగు తెలియదు.

షోకి మూడు రోజుల ముందు ఎర్ర పురుగుల మేత బ్లడ్‌వార్మ్ ఆపేయండి. ఆఖరి మేత ప్రయాణానికి 36 గంటల ముందు. కడుపు ఖాళీగా ఉన్న చేపకు ఏమీ కాదు. నిండుగా ఉన్నది కవర్లో విసర్జిస్తుంది, అదే అమోనియా అవుతుంది.

కవరు కట్టడం

ఫైటర్ మొప్పలతోనే కాక పైకి వచ్చి గాలి మింగి కూడా బతుకుతుంది. కాబట్టి ఆక్సిజన్ సిలిండర్ అక్కర్లేదు, కవర్లో మామూలు గాలి ఉండాలి. మూడో వంతు నీళ్ళు, రెండు వంతులు గాలి. మగదానికి 200 నుంచి 250 మిల్లీ లీటర్లు సరిపోతాయి. నీళ్ళు ఎక్కువ పోసి గాలి తగ్గించడం కొత్తవాళ్ళు చేసే తప్పు.

రెండు కవర్లు ఒకదాంట్లో ఒకటి వేయండి. అడుగున రెండు మూలలనూ మెలిపెట్టి చిన్న రబ్బరు బ్యాండు వేయండి, లేకపోతే చేప మూలలో ఇరుక్కుని రెక్క నలిగిపోతుంది. మూతిని గట్టిగా మెలితిప్పి, మడిచి, ఆ మడత మీద బ్యాండు చుట్టాలి. కవరు వేలితో నొక్కితే బిగువుగా ఉండాలి. ఒక్కో కవరుకూ పాత పేపరు చుట్టండి. చీకట్లో చేప కదలదు, పక్కదాన్ని చూడదు.

థర్మోకోల్ పెట్టెలో కవర్లు నిలువుగా పెట్టి, సందుల్లో పేపరు ఉండలు కూరండి. ఎండాకాలపు అంచులో ప్రయాణమైతే జెల్ ఐస్ ప్యాక్ ఒకటి పేపరులో మూడు మడతలు చుట్టి మూతకు అంటించండి, కవర్లకు తగలకూడదు. బెజవాడ నుంచి గుంటూరు బస్సులో గంటకు అటూ ఇటూ ప్రయాణం. తెల్లవారుజామున ఐదింటి బస్సు పట్టుకోండి. పల్లెవెలుగు అయితే డ్రైవర్ పక్కన ఇంజను మూత దగ్గర పెట్టెను అస్సలు పెట్టనివ్వకండి. అడుగు నుంచి ఎక్కే ఆ సెగకి థర్మోకోల్ పెట్టినా లాభం లేదు. ఒళ్ళో పెట్టుకోవడం అన్నిటికన్నా మేలు.

40 చేపలకు ముప్పావు లీటరు సీసాల లెక్కన 30 లీటర్ల నీళ్ళు కావాలి, అవి కూడా ఇంటివే. 20 లీటర్ల క్యాన్లు రెండు. బరువే, కానీ హాలులో కుళాయి నీళ్ళను నమ్ముకోవద్దు. ఇంటి నీళ్ళే సీసాలో ఉంటే చేపను కవరు నుంచి అలవాటు చేసే పనే లేదు. కప్పుతో పట్టి సీసాలో వదిలి, కవరు నీళ్ళు పారబోయండి.

బల్ల దగ్గర

సీసాల వెనక ముదురు నీలం చార్టు కట్టండి. తెల్ల కాగితం పెడితే చేప పాలిపోతుంది, చుట్టూ తెలుపు ఉంటే ఒంటి రంగు వెలవెలబోవడం చేపల స్వభావం. తెల్ల ఎల్ఈడీ పట్టీ పై నుంచి వెలుగు పడేలా ఉండాలి. అట్టలు ఇక్కడా ఉంటాయి. చూపించమన్నప్పుడు ఒకటి తీయండి.

ప్రతి సీసాకూ చీటీ అంటించండి: రకం, ఆడా మగా, పొదిగిన తేదీ, నీళ్ళ టీడీఎస్, తింటున్న మేత, ధర. హాఫ్‌మూన్ అని రాస్తే తోక పూర్తిగా విప్పినప్పుడు 180 డిగ్రీలు ఉండాలి, రెండంచులూ నిట్టనిలువు గీతలో కలవాలి. అంతకు తక్కువైతే సూపర్ డెల్టా అని రాయండి. తెలిసినవాళ్ళు ముందు చూసేది ఆ అంచులే.

ధర లెక్క ఇలా వేయండి. బ్యాచ్ మీద పెట్టిన ఖర్చు 3,600 రూపాయలు, ఏరివేతలో నిలిచినవి 30 అనుకుందాం. చేపకి 120. బల్ల అద్దె, ఆటో కలిపి 2,100 అయితే ఇంకో 70. అంటే 190కి కింద ఏది అమ్మినా చేతి నుంచి పెట్టుకున్నట్టే. పుట్టిన 80తో భాగించి 45కే వచ్చిందనుకోవడం తప్పు, మిగిలిన 50 కూడా మేత తిన్నవే. సాయంత్రం ఐదింటికి సగం ధరకు దింపడం మొదలుపెడితే, తర్వాతి షోలో జనం ఐదింటిదాకా రారు.

కోయి, గెలాక్సీ లాంటి మచ్చల రకాలు అమ్మేటప్పుడు చెప్పి తీరాల్సిన విషయం ఒకటుంది. వీటి వెనక ఉన్నది మార్బుల్ జన్యువు, అది చోటు మారే జన్యువు. ఈ రోజు తెలుపు, ఎరుపు, నలుపు ఉన్న చేప రెండు నెలల్లో నిండు నీలంగా మారిపోవచ్చు. జబ్బు కాదు, రంగు వేసిన మోసమూ కాదు. చీటీ మీదే "రంగు మారుతుంది" అని రాస్తే గొడవ ఉండదు. డ్రాగన్, అంటే మందపాటి పొలుసుల రకంలో కంటి మీదికి మందపాటి పొలుసు పాకుతుందేమో చూడండి. ఉంటే చూపు పోతుంది, కొనేవాళ్ళకు చూపించి చెప్పండి.

బేరానికి ముందు మీరు అడగాల్సింది "ఇంట్లో ఏ నీళ్ళండీ?" అని. ఆర్వో అంటే సగం కుళాయి నీళ్ళు కలపమనండి. తర్వాత, ఎంత తొట్టి అని. ఐదు లీటర్లకు తక్కువైతే, మూత లేకపోతే, లేదా ఒకే గిన్నెలో రెండు మగవి వేస్తామంటే అమ్మొద్దు. పిల్లాడు ఏడుస్తున్నా సరే. మంచిగా చెబితే చాలామంది పెద్ద డబ్బా కొనుక్కుని మళ్ళీ వస్తారు.

కవరుతో పాటు ఇచ్చే చీటీలో వదిలే పద్ధతి రాయండి. ఊళ్ళోనే గంటలో చేరేవాళ్ళు కట్టిన కవర్నే 15 నిమిషాలు తొట్టిలో తేలనిచ్చి, విప్పి, అరగంట పాటు చెంచాతో తొట్టి నీళ్ళు కలపాలి. రాత్రంతా రైల్లో పోయే చేపకు ఇది పనికిరాదు. మూసిన కవర్లో చేప వదిలిన కార్బన్ డయాక్సైడ్ వల్ల పీహెచ్ తగ్గి, అమోనియా పెద్దగా హాని చేయని రూపంలో ఉంటుంది. విప్పగానే ఆ వాయువు పోతుంది, పీహెచ్ పెరుగుతుంది, అదే అమోనియా విషమవుతుంది. కాబట్టి వేడి సమానం అయ్యాక విప్పి, ఐదు నిమిషాల్లో చేపను మాత్రమే తొట్టిలో వేయాలి. అలాంటివాళ్ళకు టీడీఎస్ ముందే సరిచూసుకోమని మరీ మరీ చెప్పండి.

పక్క బల్ల మీద నక్షత్ర తాబేలో, రామచిలుకో అమ్మకానికి కనబడితే మీ బల్ల దూరంగా వేయించుకోండి. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అది నేరం. వాళ్ళతో కలిసి బిల్లు పుస్తకం, క్యూఆర్ కోడ్ పంచుకోవద్దు.

మిగిలిన చేపలు

అమ్ముడుపోని చేప ఇంటికి రాగానే పాత అర మీదికి పోకూడదు. వేరే గదిలో, వేరే వలతో, 14 రోజులు. మూడో రోజున, పదో రోజున టార్చి పరీక్ష. విసుగొచ్చి బందరు కాలువలోనో ఏలూరు కాలువలోనో వదిలేయడం మాత్రం ఎప్పటికీ వద్దు. అక్వేరియంల నుంచి బయటపడ్డ సక్కర్ చేప మన చెరువుల్లో చేరి రైతుల చేత దెయ్యం చేప అనిపించుకుంటోంది.

వచ్చే పాఠానికి ముందు ఈ పని చేసి ఉంచండి. మీ బోరు, కుళాయి, క్యాన్ నీళ్ళ టీడీఎస్ వారం పాటు రోజూ ఒకే వేళకు కొలిచి పుస్తకంలో రాయండి. ఒక కవర్లో చేప లేకుండా నీళ్ళు, గాలి పోసి కట్టి, రాత్రంతా తలకిందులుగా వేలాడదీయండి. పొద్దున కింద చుక్క తడి లేకపోతే మీకు కవరు కట్టడం వచ్చినట్టే. ఎనిమిదో పాఠంలో అమ్మిన బ్యాచ్ నుంచి తర్వాతి జతను ఎంచుకోవడం చూద్దాం.